తాళం వేసిన ఇంటికి టపా

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం. కుక్క మొరిగితే గోడకు అతుక్కుపోతాను. బల్లి పడిందంటే ఇక ఆ గది వైపు చూడను. అలాంటి నన్ను తీసుకొచ్చి కంగ్టి వైపు, కర్ణాటక పొలిమేర దగ్గరి ఊళ్ళో పోస్టాఫీసులో కూర్చోబెట్టారు. మాది నారాయణఖేడ్. బస్సుడిపో వెనక సందులో పుట్టి, హారన్ల మోతలో పెరిగినదాన్ని. పదో తరగతి మార్కులు చూసి ఉద్యోగం ఇచ్చారు గానీ, నీకు ధైర్యం ఎంతుందమ్మా అని ఎవరూ అడగలేదు.

పోస్టాఫీసంటే పెద్ద భవనం అనుకునేరు. నేను అద్దెకుండే ఇంటి ముందు గదే పోస్టాఫీసు. ఒక బల్ల, ఒక కుర్చీ, పింఛన్లవాళ్ళ వేలిముద్రలు తీసుకునే మిషను, ముద్ర కొట్టే స్టాంపు, బయట గోడకు ఎర్ర డబ్బా. పొద్దెక్కాక ఖేడ్ నుంచి ఆటోలో టపా సంచి వస్తుంది. ఉత్తరాలు రాసుకునే రోజులు పోయాయి కదా, ఇంకా ఏం వస్తాయి అంటారేమో. ఆధార్ కార్డులు, బ్యాంకు కార్డులు, బీమా కాగితాలు, ఎప్పుడైనా ఒక కోర్టు నోటీసు. సంచి విప్పేదీ నేనే, ఇల్లిల్లూ తిరిగి పంచేదీ నేనే.

ఈ ఊరు దసరా దాకా ఒక ఊరు, ఆ తర్వాత వేరే ఊరు. వాన మీద బతికే చేలు. వాన పోయిందంటే పని పోయినట్టే. చెరుకు కొట్టడానికి మనుషుల కోసం లారీలు వస్తాయి. మొగుడూ పెళ్ళాలు, చంటిపిల్లలు, గిన్నెలు, కోళ్ళు, అన్నీ ఎక్కేస్తాయి. ఉగాది దాటితే గానీ తిరిగి రారు. మిగిలేది ముసలివాళ్ళు, బోర్లలో నీళ్ళున్న నాలుగు కుటుంబాలు, బడి సారు, నేను. నేను వచ్చిన మొదటి సంవత్సరం, లారీలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం వీధిలోకి వచ్చి చూసి, తలుపేసుకుని ఏడ్చాను. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

వెళ్ళేవాళ్ళు తాళంచెవులు చుట్టాలకివ్వరు. చుట్టాలు కూడా అదే లారీలో ఉంటారు మరి! పోస్టాఫీసుకు ఇస్తారు. ఊరు విడిచి పోవడానికి వీల్లేని మనిషి పోస్టుమనిషి ఒక్కతేనని వాళ్ళ నమ్మకం. నాకు ముందు పనిచేసిన ఆయన నాటి నుంచి ఉన్న అలవాటే ఇది. గోడకు వరసగా మేకులు కొట్టి ఉంటాయి, ఇంటికో మేకు. మేకుకు తాళంచెవి వేలాడుతుంటే ఆ ఇంట్లో మనిషి లేనట్టే. జనాభా వివరాలు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి కూడా ఎండకు తిరగలేక నా కుర్చీలో కూర్చుని ఆ గోడను చూసే రాసుకున్నాడు.

"ఇన్ని ఇళ్ళూ తాళాలేనా మేడమ్?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "తాళాలే సార్. మనుషులు గావాలంటే ఎండకాలం రావాలె" అన్నాను.

ఇందులో కట్టుబాటు ఒక్కటే. ఇచ్చినవాళ్ళు వచ్చి అడిగితే తప్ప ఆ తాళంచెవిని మేకు మీంచి తీయకూడదు. అన్న అడిగినా, అత్త అడిగినా సరే. ఇక ఆ ఇళ్ళకు టపా వస్తే వెనక్కి పంపాలని రూలు. కానీ మళ్ళీ తెప్పించుకోవడం వాళ్ళ తరమా? అందుకని తలుపు కిందికి దూర్చి, ఒక కొస బయటికి కనబడేట్టు వదిలేస్తాను. ఎదురింటి ముసలివాళ్ళు అది చూసి, "మీ ఇంటికేందో ఒచ్చింది" అని ఫోన్లో చెప్తారు. మేకలు తినవా అంటే, మేకలు మాత్రం ఎన్ని మిగులుతాయి ఊళ్ళో.

ఆ రోజు తెల్లవారుతుండగా చివరి రెండు లారీలు వెళ్ళాయి. ఒకతను పరుగున వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "పైలం అక్కా" అని అదే పరుగున వెళ్ళిపోయాడు. మూడిళ్ళ అవతల ఉంటాడు. అతని కూతురు ఐదో తరగతి. బడి వదలగానే నా దగ్గరికి వచ్చి చిత్తుకాగితాల మీద స్టాంపు గుద్దుకుంటూ కూర్చునేది. రోజూ ఒకటే ప్రశ్న, "పోస్టక్కా, నాకేమన్న ఒచ్చిందా?" నీకెవరు రాస్తారే అని వెక్కిరించేదాన్ని. తీరా చూస్తే వాళ్ళు వెళ్ళిన ఆ పూటే, సంచిలో ఆ పిల్ల పేరున ఆధార్ కార్డు వచ్చింది. నిన్న రావొచ్చు కదా నీకు, అని ఆ కవరునే తిట్టుకున్నాను. తీసుకెళ్ళి వాళ్ళ తలుపు కింద దూర్చి వచ్చాను.

అన్నానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. ఆ పిల్ల తల్లి. గొంతు గుర్తు పట్టలేకపోయాను.

"అక్కా, మా పోరి ఊర్ల ఉన్నదా?"

ఏం అడుగుతోందో నాకు అర్థం కాలేదు. ఏడుస్తూ చెప్పింది. తను చంటివాణ్ణి ఎత్తుకుని ముందు లారీలో ఎక్కిందట. పిల్ల నాన్నతో వెనక లారీలో ఉందనుకుంది. అతనేమో, పిల్ల తల్లి దగ్గర ఉందనుకున్నాడు. బీదర్ దాటి చాలా దూరం పోయాక చాయ్ తాగడానికి లారీలు ఆగినప్పుడు చూసుకుంటే పిల్ల రెండింటిలోనూ లేదు.

"తొవ్వల లారీ మీదికెళ్ళి పడ్డదో ఏమో అక్కా. ఆయన బండి అడుక్కొని తొవ్వంత సూస్కుంట ఎనకకు ఒస్తుండు. నువ్వు ఊర్ల సూడు అక్కా, నీ కాల్మొక్త" అంది.

ప్రభువా, ప్రభువా అనుకుంటూ చెప్పులు కూడా లేకుండా వీధిలో పడ్డాను. మొదట బడికి పరిగెత్తాను. రాలేదన్నాడు సారు. ఆయన సైకిలు తీసుకుని బస్సు ఆగే రోడ్డు వైపు వెళ్ళాడు. బోర్లున్న కుటుంబాలవాళ్ళు చేలల్లో ఉన్నారు. ఊరి లోపల వెతకడానికి మిగిలింది నేనూ, వాళ్ళ ఎదురింటి అవ్వా. అవ్వకు కళ్ళు సరిగ్గా కనబడవు, నాకు ధైర్యం లేదు. చూసుకోండి మా సైన్యం.

పిల్ల పేరు పెట్టి అరుచుకుంటూ తిరిగాను. ఎటు చూసినా తాళాలే. నా గొంతు నాకే వింతగా వినబడుతోంది. కందిచేల గట్ల మీద నిలబడి పిలిచాను. మనిషెత్తు కందిలో ఏదో కదిలింది, ప్రాణం లేచొచ్చింది. అడవిపంది! దుమ్ము రేపుకుంటూ నా పక్క నుంచే పోయింది. ఇంకో రోజైతే అక్కడే కూలబడేదాన్ని, ఆ పూట ఛీ నీ మొహం మండ అని తిట్టి ముందుకు నడిచాను.

చివరికి బావి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఊరి కొస బావికి చుట్టూ గోడ లేదు. ఒడ్డుకు రెండడుగుల దూరంలో ఆగిపోయాను. చూడకపోతే ఏమీ ఉండదు కదా, అనిపించింది. సిగ్గులేని మాటే, అయినా అనిపించింది. కళ్ళు మూసుకుని వంగి, తెరిచాను. నీళ్ళ మీద ఎర్రగా ఏదో తేలుతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్ల ఎప్పుడూ వేసుకునే గౌను కూడా ఎరుపే. మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. ఎరువుల సంచి. ఒడ్డున కూర్చుని వాంతి చేసుకున్నాను.

తల్లి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తోంది. ఇంకా చూస్తున్నానని ప్రతిసారీ చెప్పి పెట్టేస్తున్నాను. మళ్ళీ ఊళ్ళోకి వస్తూ వాళ్ళ ఇంటి ముందు ఆగాను. ఎందుకాగానో తెలీదు. తలుపుకు తాళం ఉన్నది ఉన్నట్టే ఉంది. కింద చూస్తే నేను పొద్దున పెట్టిన కార్డు కొస కనబడలేదు.

వంగి చూశాను. గాలికి పోయిందా అని వాకిలంతా వెతికాను. వాకిట్లో లేదు. గడప దగ్గర దుమ్ములో, కవరు లోపలికి జారిన గీత ఉంది. ఎవరో లోపల్నుంచి లాగారు.

అవ్వను పిలిచి చూపించాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మనిషి లేని ఇంట్ల ఎవరు గుంజుతరే? రా బిడ్డా, ఈడ నిలబడకు."

"అవ్వా, ఊకో. నాకు ముందే భయమైతుంది."

"దొంగలుండొచ్చు. ఇంకోటి ఉండొచ్చు. ఆయన ఒచ్చెదాక తాళం ముట్టకు. అసలోల్లు లేంది తీస్తె ఆల్లకు అచ్చిరాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "అచ్చిరాకపోతె నాకు రాకపోని. పోరి లోపలుంటె?" అని అరిచి పోస్టాఫీసుకు పరిగెత్తాను. అరిచాను గానీ, తాళంచెవిని మేకు మీంచి తీసి, మళ్ళీ తగిలించి, మళ్ళీ తీశాను. రేపు ఆ ఇంట్లో చెంబు కనబడకపోయినా నా మీదికే వస్తుంది. ఈ గోడ మీద ఊరు పెట్టుకున్న నమ్మకం నాతోనే పోతుంది. లోపల పిల్ల కాక ఇంకేదైనా ఉంటే? పిల్లే ఉండి, పలకకపోతే? ఇందాకటి నుంచీ ఆ వీధిలో ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచాను! ప్రాణంతో ఉంటే పలకదా?

తాళంచెవి ఎంతకీ బెజ్జంలో దూరదు. అవ్వ నా వెనక కొంగు పట్టుకుని నిలబడింది. తాళం టక్కుమంది. లోపల ఏదో గిన్నె దొర్లింది. అవ్వ కెవ్వుమంది, నేనూ కెవ్వుమన్నాను. తలుపు తోశాను.

చీకటి. ఎండలోంచి వచ్చిన కళ్ళకు ఏమీ ఆనలేదు. ధాన్యం గుమ్మి వెనక, మూలన, ఎర్రటి గౌను. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కార్డు ఛాతీకి అదుముకుని ఉంది. నన్ను చూస్తూ గజగజ వణికిపోతోంది.

ముందు లాగి ఒకటి కొట్టాను. తర్వాత గట్టిగా పట్టుకుని ఏడ్చాను. "పిలుస్తుంటె వినబడలేదే? బాయి కూడా సూసొచ్చిన గదనే నేను!"

"వినబడ్డది" అంది.

"మరి పలకవేందే?"

"నాన్న తాళమేస్తుంటె ఈడ దాక్కున్న. పలికితె మల్ల తీస్కపోతరు." ఇక నేను అడగకుండానే, "నా పేరుమీద ఒచ్చిందని గుంజుకున్న" అంది, కార్డు ఇంకాస్త అదుముకుంటూ.

అవ్వ నీళ్ళిచ్చింది. పిల్ల గటగటా తాగింది. ఒక్కతివే ఈ చీకట్లో భయం కాలేదా అని అడిగాను. లేదంది. తాళం చప్పుడైనప్పుడు అయిందట. నాన్నే వచ్చాడనుకుందట.

"బడికి పోవాలనా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "పోయినేడు ఆడ తమ్మున్ని నేనే సూస్కున్న. అమ్మ చెరుకు కొడ్తుంది. నాకు నిద్రొచ్చింది పోస్టక్కా. లేసి సూసేటాల్లకు తమ్ముడు ట్రాక్టర్ కింద ఉన్నడు. ఆల్లు ట్రాక్టర్ ఎనకకు తీస్తున్రు. నేను ఉరికి కాలు వట్టి గుంజిన." చెప్తూ చెప్తూ గుమ్మి వెనక్కి ఇంకా జరిగింది. "నాకు మల్ల నిద్రొస్తది. మల్ల అట్లనే అయితది. నేను పోను. నువ్వు బయటికి పోయి తాళమెయ్యి."

అప్పుడే ఫోన్ మోగింది.

"దొరికింది" అన్నాను ఎత్తగానే. "ఇంట్లనే ఉంది, మంచిగనే ఉంది. ఏడ్వకు."

ఆ తల్లి ఏడుపు ఆగలేదు. చాలాసేపటికి, "ఒక్కసారి దానికి ఫోనియ్యి అక్కా" అంది. స్పీకరు నొక్కి పిల్ల ముందు పెట్టాను. పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నేను లేనని చెప్పు పోస్టక్కా."

అవతల ఏడుపు ఆగిపోయింది. చంటివాడి గునుగుడు వినబడుతోంది, ఎవరో ఎక్కండి ఎక్కండి అని అరుస్తున్నారు. పోయినేడు ట్రాక్టర్ సంగతి ఆ తల్లికి తెలుసో తెలియదో నేను అడగలేదు.

"అక్కా, ఆయనకు ఫోన్ జేసి తొవ్వలకెళ్ళే మల్లి నా తానికి రమ్మంట" అంది చివరికి. "చిన్నోన్ని నా ఈపుకే కట్టుకుంట. ఎట్లనో అట్ల కొడ్త. పోరి మాత్రం నీ తాన్నే ఉండనీ."

నాకు చచ్చేంత భయమేసింది. పరాయి పిల్ల. జ్వరమొస్తే, పాము కరిస్తే, నాకే ఏమన్నా అయితే? ఉగాది దాకా ఎన్ని నెలలు! పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"ఉండనీ" అన్నాను.