ఒక్క ఊపిరి ఈత

ఆ రోజు పొద్దున నాకు క్లోరిన్ వాసన రాలేదు. జెద్దాలో ఒక విల్లాల కాంపౌండ్‌లో స్విమ్మింగ్ పూల్ చూసుకునేవాణ్ణి. టెస్ట్ కిట్ ఉన్నా, మా పనిలో ముందు నమ్మేది ముక్కునే.

అప్పటికి కొన్నాళ్లుగా పొడి దగ్గు. శుక్రవారం సెలవు నాడు తగ్గేది, శనివారం పనిలోకి దిగగానే మొదలయ్యేది. దుమ్ము అనుకున్నాను. స్థానికులకు ఉద్యోగాలివ్వలేదని మా కంపెనీ నితాకత్ అనే సర్కారు లెక్కలో రెడ్‌లో పడింది, అక్కడ ఉండటానికిచ్చే నా ఇకామా కార్డు రెన్యువల్ ఆగింది, దాంతో ఇన్సూరెన్స్ పోయింది. ఒక్కో విదేశీ పనివాడికి సర్కారుకు కట్టే లెవీ భారమని సగం మందిని ఇంటికి పంపేస్తే వాళ్ల పనీ నా నెత్తినే పడింది.

ఆ పూల్‌లో సయ్యిద్ సాధన చేసేవాడు. కొమొరోస్ దీవులవాడు. ఆ దేశం మా జగిత్యాల జిల్లా అంత కూడా ఉండదు. అక్కడ సరైన పూల్ లేదని, కాంపౌండ్‌లో డ్రైవరైన మేనమామ దగ్గరికి వచ్చాడు. నన్ను 'సదీక్' అని పిలిచేవాడు, అరబీలో నేస్తం అని. యాభై మీటర్ల రేసు ఒక్క ఊపిరితో ఈదేవాడు. మరుసటి నెలలో దేశం తరఫున అంతర్జాతీయ పోటీ ఉంది.

వాసన రాలేదంటే క్లోరిన్ తగ్గిందనుకుని మోటారు గదిలో బకెట్ తీసి క్లోరిన్ పొడి పోశాను. అడుగున యాసిడ్ మిగిలి ఉందని చూసుకోలేదు. రెండూ కలిసి పచ్చటి పొగ లేచింది. గొంతు పట్టేసి కూలబడ్డాను.

"సదీక్!" అంటూ సయ్యిద్ ఊపిరి బిగబట్టి లోపలికొచ్చాడు. నన్ను ఈడ్చుకుపోతుంటే గడప దగ్గర అతని ఊపిరి చాలలేదు. అక్కడే పొగ పీల్చాడు.

ఎమర్జెన్సీలో ఇద్దరికీ ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టారు. డాక్టర్‌ది కర్నూలు.

"ఇద్దరికీ కెమికల్ న్యుమోనైటిస్, పొగకు ఊపిరితిత్తులు వాచినాయి. నీకు ముందు నుంచే ఆక్యుపేషనల్ ఆస్తమా, అంటే పని వల్ల వచ్చే ఆస్తమా ఉండాది. రోజూ క్లోరిన్ పీల్చే నీ ముక్కుకు వాసన తెలీకుండా పోయుండాది. దగ్గు మొదలైనప్పుడే ఎందుకు రాలేదప్పా?"

"ఇకామా లేదు సార్. పోలీసులు పట్టుకుంటరని బయటికే పోలే."

"రేసు?" అని సయ్యిద్ అడిగాడు. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

డిశ్చార్జ్ అయ్యాక నాకు మళ్లీ ఆయాసం ఎక్కువైంది. స్టెరాయిడ్స్ మీద ఉండగానే కంపెనీవాళ్లు ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేశారు. సయ్యిద్ వద్దన్నా వినకుండా పోటీకి వెళ్లాడు. ఫోన్‌లో వీడియో చూశాను. సగం దూరంలోనే ఊపిరి కోసం తల పైకెత్తాడు. మళ్లీ ఎత్తాడు. అందరికంటే చివర గోడ తాకాడు. తర్వాత ఫోన్ చేసి, "నువ్వెలా ఉన్నావు, సదీక్?" అని మాత్రమే అడిగాడు.

ఇప్పుడు జగిత్యాలలో తమ్ముడి కిరాణా కొట్లో కూర్చుంటున్నాను. జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది. బియ్యం బస్తా జరపలేను. సయ్యిద్ ఈత మానేశాడని వాళ్ల మామ చెప్పాడు.

సెలవు నాడు తగ్గి, పనిరోజు తిరగబెట్టే దగ్గు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించుకోండి. మీ ప్రాణమే కదా అని ఊరుకోకండి. మీరు పడిపోతే, మీకోసం ఎవరో ఒకరు లోపలికి వస్తారు.