శకుంతల గారి గేర్ల కారు

స్పోర్ట్స్ కార్లలో గేర్లు వేసుకునే రోజులు వెళ్లిపోతున్నాయి కనుక ఇది రాసి పెట్టక తప్పదు. మొన్న నానక్‌రామ్‌గూడ షోరూములో ఒక కొత్త స్పోర్ట్స్ కారెక్కి కూర్చున్నాను. కొత్త తోలు వాసన గుప్పుమంది. ఎడమ చెయ్యి దానంతటదే గేరు కోసం వెళ్లింది. అక్కడ చిన్న మీట తప్ప ఏమీ లేదు, కాలి కింద క్లచ్చూ లేదు. గేర్లవి ఇప్పుడు ఒకటీ అరా మోడళ్లలోనే, అవీ ఆర్డరిస్తేనే అన్నాడు సేల్స్ అబ్బాయి. శకుంతల గారు వింటే ఏమనేవారో!

తొంభైల చివర్లో, మాదాపూర్ బండల మధ్య అద్దాల భవనాలు లేస్తున్నప్పుడు, ఆవిడ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టైపిస్టుని. ఆవిడది కాకినాడ, నాది ఆ పక్కనే ఉన్న బోరబండ. ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న ఎర్రటి రెండు సీట్ల కారు ఆవిడకుండేది. ఆటోమేటిక్ దొరుకుతున్నా పట్టుబట్టి గేర్లదే తెప్పించుకున్నారు. లైబ్రరీలో అమెరికా మోటారు పత్రికలన్నీ నమిలి మింగిన నాకు క్లచ్ పనితీరు కంఠతా వచ్చు. కారు మాత్రం ముట్టింది లేదు. అది తెలిసి ఆవిడ నాకు లెర్నర్ లైసెన్స్ తీయించి, ఒక శనివారం పొద్దున గోపన్‌పల్లి వైపు తీసుకెళ్లారు. ఎదురుగా ఉన్న ఎత్తు ఎక్కిస్తే ఇక శనివారాలు కారు నన్నే నడపనిస్తానన్నారు.

క్లచ్ తొక్కి గేరు వెయ్యబోతే కుడి చెయ్యి తలుపుకు కొట్టుకుంది. అమెరికా కార్లలో గేరు కుడి చేతికే కదా! ఇంట్లో అప్పడాల కర్రనే గేరనుకుని నేను చేసిన సాధనంతా ఆ చేత్తోనే.

"నీ పుస్తకాల్లో గేరు తలుపులో ఉంటుందా అమ్మాయ్?" అని ఆవిడ పడీపడీ నవ్వారు.

ఎడమ చేత్తో బయల్దేరాను. సగం ఎత్తులో ఇంజిన్ ఆగిపోయింది. బ్రేకు నొక్కిపట్టి అద్దంలో చూస్తే వెనక మేకల మంద. వాటిని తోలుకొస్తున్న ముసలమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏంది బిడ్డా, పోతవా, నన్ను నూకమంటవా?"

"మేడమ్, జర మీరు ఈ సీట్ల కూసోండ్రి" అన్నాను.

శకుంతల గారు హ్యాండ్‌బ్రేక్ లాగి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నారు. "నేను చేసేది ఇంతే. క్లచ్ వదులుతుంటే కాలి కింద వణుకు తెలుస్తుంది. అప్పుడు బ్రేకు దించు."

తాళం తిప్పాను, ఇంజిన్ మళ్లీ అందుకుంది. మెల్లగా పాదం లేపాను. పత్రికల్లో ఏ బొమ్మా చెప్పని వణుకు అరికాల్లోంచి మోకాలికి పాకింది. కారు ముక్కెత్తింది. బ్రేకు దించాను. బెత్తెడు కూడా వెనక్కి పోలేదు! పైకి, ఇంకా పైకి! ఎత్తు దాటాక రెండో గేరు టక్కున పడింది. నేను కేక పెట్టాను. ఆవిడ చేతులు మాత్రం ఒడిలోంచి కదల్లేదు.

తర్వాత నేనూ చాలామందికి కారు నేర్పాను. పక్క సీట్లో భయమేసినప్పుడల్లా నా వేళ్లు ఒకదానిలో ఒకటి గట్టిగా అల్లుకుంటాను, స్టీరింగ్ మీదికి మాత్రం పోనివ్వను. అంతటి నమ్మకం నేర్పిన శకుంతల గారికి, పాత పత్రికలు దాచిపెట్టి ఇచ్చిన లైబ్రేరియన్ రహమాన్ గారికి, అప్పడాల కర్ర కోసం ఇల్లంతా వెతుక్కున్న మా అమ్మ యాదమ్మకు, కారు కదిలేదాకా తన మేకల మందను ఆపుకుని నిలబడ్డ ఆ ముసలమ్మ మల్లమ్మకు నా దండాలు.