మల్లేశం కోసం ఏరిన కథలు

కరోనా తర్వాత గ్రంథాలయాలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వానలు వెనకపట్టు పడుతున్న భాద్రపద మాసంలో, నన్ను నాచారంలోని ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. అప్పటికి నేను రెండో గ్రేడు లైబ్రేరియన్ని. పదవీ విరమణకు మరీ దూరంలో లేను. శాఖా గ్రంథాలయమంటే జిల్లా గ్రంథాలయం కింద పనిచేసే చిన్న కేంద్రం: ఒక పెద్ద గది, ఒక చిన్న గది, నేను, ఒక అటెండరు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరిచి ఉంచేవాళ్లం. మా ఇల్లు ఉప్పల్‌లో. రెండు పూటల మధ్య ఇంటికి వెళ్లి రావడం కుదరక మధ్యాహ్నం అక్కడే ఉండిపోయేదాన్ని.

పెద్ద గది నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే. వాళ్లు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని, మా బల్ల, మా ఫ్యాను మాత్రం వాడుకునేవారు. చిన్న గదిలోని కథల పుస్తకాలను ముట్టుకునేవారు తక్కువ. నేను చేరిన కొద్ది రోజులకే పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దసరా సెలవుల్లో జనాన్ని చదువు వైపు తిప్పడానికి ప్రతి శాఖా జానపద కథలు, అద్భుత కథలు ఏరి, అట్టలు బయటికి కనబడేలా విడిగా ఒక బల్ల మీద పేర్చాలి. మా లెక్కలో జానపద సాహిత్యానికి 398 అనే వర్గసంఖ్య ఉంటుంది. ఆ అర దులిపి, చినిగినవి పక్కన పెట్టి, మంచివి ఏరుతుండగా సుగుణ వచ్చింది.

ముప్పై దాటిన మనిషి. పోచారంలోని ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మెడలో ఇంకా కంపెనీ కార్డు వేలాడుతోంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది.

"మేడం, రాక్షసులు, మాంత్రికులు ఉండే కథల బుక్కులు ఉంటయా? పిల్లలయి కాదు, పెద్దోళ్లయి" అని అడిగింది.

ఎవరికని అడిగాను. "మా ఆయనకు. ఇంట్లనే ఉంటుండు. పొద్దు పోతలేదు" అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. పాఠకుడు ఎందుకు చదువుతున్నాడని అడగకూడదన్నది మా వృత్తిలో మొదట నేర్పే మర్యాద. సభ్యత్వం రాసి, బల్ల మీదికని ఏరిన వాటిలోంచే ఒక మంచి సంపుటి ఇచ్చాను.

రెండు రోజుల్లో దాన్ని తిరిగి తెచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, చేయి దాని మీదే ఉంచి నిలబడింది.

"ఇది వద్దు మేడం. నిన్న ఇది సదివినంక ఆయన అన్నం తినలే. 'నేనేమన్న సూడొద్దంది సూసిన్నా సుగుణా?' అని అడిగిండు. నాకేం చెప్పాల్నో తెల్వలే."

అందులో ఒక తోటమాలి కథ ఉంది. స్నానం చేస్తున్న నాగకన్యను పొదల చాటు నుంచి చూసినందుకు అతని కళ్లు పోతాయి. అప్పుడు గాని సుగుణ అసలు సంగతి చెప్పలేదు. ఆమె భర్త మల్లేశం బట్టలకు రంగులద్దే ఒక చిన్న యూనిట్‌లో పనిచేసేవాడు. ఎండాకాలంలో ఒకనాడు కాస్టిక్ సోడా డ్రమ్ము మూత తీస్తుంటే ముఖాన చిమ్మింది. ఒళ్లు కొంత కాలి మానింది. కళ్లు మానలేదు. ఒక కంటికి దారి లేదన్నారు. రెండో కంటికి, చనిపోయినవారు దానమిచ్చిన కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, అతికించి చూద్దామన్నారు. దానికి వంతు రావాలి. దీపావళి దాటాక రావచ్చని చెప్పారు. అందాకా ఎదురుచూడాలి.

ఇంట్లో ఒక్కటే ఫోను, అది సుగుణతో పనికి వెళుతుంది. ఆమె వచ్చాక ఫోనులో కథలు పెడితే అతనికి నచ్చలేదట. "సంగీతం పెట్టి ఉరుకుతుంటరు, నడుమల యాడ్‌లొస్తయి. నువ్వే సదువు" అన్నాడట. సుగుణ ఏడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె తడబడిన చోట తర్వాతి మాట అతనే అందిస్తాడు. చిన్నప్పుడు జనగామ దగ్గరి ఊళ్లో తల్లి బీడీలు చుడుతూ చెప్పిన కథలే అతనికి ఇష్టం. పనిలో ఉన్నప్పుడు భోజనాల వేళ తోటివాళ్లకు రాక్షసుడి గొంతు మార్చి చెప్పేవాడట.

మర్నాటి నుంచి నేను ఆ అరలోని పుస్తకాలను మరో రకంగా చదవడం మొదలుపెట్టాను. మామూలుగా పుస్తకాలు ఏరేటప్పుడు అచ్చు ఎలా ఉంది, భాష ఎవరికి అందుతుంది, బొమ్మలున్నాయా, జనం అడుగుతారా అని చూస్తాం. ఇప్పుడు ప్రతి కథలోనూ కళ్ల కోసం వెతికాను. మన కథల్లో అంత గుడ్డితనం ఉందని అంతకుముందు నాకు తట్టలేదు. పాపం చేసినవాడి కళ్లు పోతాయి. మాట తప్పినవాడి కళ్లు పోతాయి. సవతి తల్లి పొడిపిస్తుంది. గుడ్డివాణ్ణి గోతిలో పడేసి నవ్వించే కథలు వేరే. ఇక మంచివాడి కళ్లు పోతే కథ ముగిసేలోపు తప్పక తిరిగి వస్తాయి: ఆకు పసరుతోనో, పాము మణితోనో, ఎవరో కార్చిన కన్నీటితోనో.

ఈ చివరి రకం కథలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. ఆపరేషన్ మీద ఆశ పెట్టుకున్న మనిషికి పసరుతో చూపొచ్చిన కథ ఇస్తే, ఆపరేషన్ ఫలించని నాడు ఏమవుతాడు? అందుకని అవన్నీ పక్కన పెట్టాను. కళ్ల ఊసు లేనివి మిగిలాయి. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడు, దయ్యంతో పందెం వేసిన దర్జీ, మాట్లాడే గుర్రం. ఒక్కొక్కటే ఇస్తూ వచ్చాను. సుగుణ సాయంత్రం బస్సు దిగి, మేం తాళం వేసేలోపు వచ్చి మార్చుకునేది. "జర భయం ఉన్నయి ఇయ్యమన్నడు" అని ఒకసారి, "గా దర్జీ కథకు నవ్విండు మేడం" అని ఒకసారి చెప్పింది. అన్నం తింటున్నాడంది.

బతుకమ్మ వారం వచ్చింది. నాచారం రోడ్డు పక్కన తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆ రోజుల్లోనే మల్లేశం ఒక కథ కావాలని అడిగి పంపాడు. తల్లి చెప్పిన కథట. అన్న తమ్ముడి కళ్లు పొడిచి అడవిలో వదిలేస్తాడు. తమ్ముడు చెట్టు కింద పడుకుని పక్షుల మాటలు వింటాడు. ఆ కథ మా దగ్గర ఉంది. నేను పక్కన పెట్టిన వాటిలో ఉంది.

లేదని చెప్పలేను. ఇవ్వడానికి చేయి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేనే వచ్చి చదువుతానన్నాను. సుగుణ సంతోషించింది, ఆమెకు ఆ రోజు సెలవు.

వాళ్లది వరసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి. సుగుణ గడప కడిగి, నా కోసం పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి పెట్టింది. మల్లేశం మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నల్లద్దాలు. వాటి కింద చెంప మీద గులాబీ రంగు మచ్చ. నా అడుగుల చప్పుడుకే లేవబోయాడు. "కూసోన్రి మేడం. మీ బుక్కులన్నీ మా ఇంట్లనే ఉంటున్నయి" అన్నాడు.

చదివాను. పక్షుల చోటికి వచ్చేసరికి, ఆకు పసరు గురించి అవి చెప్పుకున్న మాటలు దాటవేసి, కొండ కింది నిధి గురించి చెప్పుకున్న మాటలు మాత్రం చదివాను. తమ్ముడు తడుముకుంటూ వెళ్లి ఆ నిధి సంపాదించినట్టు నోటికి వచ్చిన రెండు వాక్యాలు కలిపి ముగించాను. నా గొంతు తడబడలేదనే అనుకున్నాను.

మల్లేశం మంచం మీద ముందుకు జరిగాడు.

"మేడం, పసరు ముచ్చట ఇడిసిపెట్టిన్రు" అన్నాడు.

పుస్తకంలో అంతే ఉందనబోయాను. అతను వినిపించుకోలేదు.

"మా అవ్వ నాకు నూరుసార్లు చెప్పింది. పెద్ద పిట్ట అడుగుతది, చిన్న పిట్ట చెప్తది. మీరు ఎందుకు ఇడిసిపెట్టిన్రో నాకు తెల్సు. బయట నాకు కండ్లొస్తయో రావో డాక్టరుకే తెల్వదు. కథలనన్న రానియ్యున్రి మేడం. అండ్ల గూడ రాకుంటే ఎట్ల?"

సుగుణ గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగింది. నేను వెనక్కి తిప్పి, పెద్ద పిట్ట అడిగిన చోటు నుంచి మళ్లీ చదివాను. తమ్ముడు ఆకు నలిపి కళ్లకు రాసుకోగానే ముందు వెలుతురు, తర్వాత కొమ్మలు, తర్వాత కొమ్మల మీది పక్షులు కనబడ్డాయి. మల్లేశం పెదవులు నాతోపాటే కదిలాయి.

ఆ తర్వాత పక్కన పెట్టిన పుస్తకాలన్నీ అతనికే పంపాను. ఆశ్వయుజం పోయి కార్తీకం వచ్చింది. కొన్ని సుగుణ చదివింది, కొన్ని ఆదివారాల్లో నేను చదివాను. ఏదైనా కథలో చూపు వచ్చే ఘట్టం రెండు ముక్కల్లో తేల్చేస్తే అతనికి కోపం వచ్చేది. "గింతేనా? ఏం సూసిండో రాయలేదా?" అనేవాడు. అలాంటి చోటు వస్తే పుస్తకం పక్కన పెట్టమని, వాడు ముందుగా ఏం చూసి ఉంటాడో అతనే చెప్పేవాడు. ఒకసారి రాజకుమారుడు ముందుగా తన చెప్పులు చూసుకున్నాడని చెప్పాడు. దసరా బల్లను ఎంతమంది చూశారో పై అధికారులకు నివేదిక పంపాను. మల్లేశం గురించి రాయడానికి అందులో గడి లేదు.

దీపావళి తర్వాత వంతు వచ్చింది. ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పినప్పుడు సుగుణ ఎదురుగా నిలబడిందట. రూపు తెలియలేదు గాని చీర ఎరుపని చెప్పాడట. సుగుణ ఆ మాట నాకు మా గ్రంథాలయం మెట్ల మీద చెప్పింది. కొన్ని వారాలు ఆ ఎరుపు నిలిచింది. కిటికీ ఎక్కడుందో చూపించేవాడు. సుగుణ చేతివేళ్లు దగ్గరగా పెడితే గుర్తించేవాడు. తర్వాత పొగ కమ్మినట్టవుతోందన్నాడు. మందులు మార్చారు, మళ్లీ మార్చారు. కాలిన కన్ను కొత్త పొరను నిలుపుకోలేకపోయిందని, ఇంకొకటి అతికించినా ఫలితం ఉండదని చివరికి డాక్టర్లు చెప్పారు. ఎవరి పొరపాటూ లేదు. మొదటే అది జరగవచ్చని కాగితం మీద రాసి సంతకం కూడా తీసుకున్నారు.

సుగుణ పుస్తకం తిరిగి ఇచ్చింది. "ఇగ వద్దన్నడు మేడం" అంది. ఆమె చదవబోతే చెవులు మూసుకున్నాడట.

ఆ ఆదివారం వెళ్లాను. చదవడానికి కాదు, పుస్తకం తీసుకువెళ్లలేదు. నల్లద్దాలు తీసి మంచం కోడు పక్కన పెట్టాడు. ఇక వాటితో పని లేదనుకున్నాడేమో. ఎలా ఉన్నావని అడిగితే తల ఊపాడు. తర్వాత అతనే మాట్లాడాడు.

"కథలోళ్లకు అందరికి కండ్లొచ్చినయి మేడం. ఇండ్లకు వోయిన్రు. నేనొక్కన్నే చెట్టు కింద ఉన్న."

సుగుణ టీ ఇచ్చింది, తాగి వచ్చాను. తర్వాత మరో రెండుసార్లు వెళ్లాను. పడుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు, నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది. ఎండలు ముదిరే వేళకు సుగుణకు పని దగ్గరగా ఉంటుందని మేడిపల్లి వైపు గది మారారు. కొన్నాళ్లకు ఒకసారి ఫోను చేస్తే మల్లేశం ఎలా ఉన్నాడన్నదానికి సుగుణ "ఉన్నడు" అని మాత్రం అంది. నేను మళ్లీ చేయలేదు.

నేను పదవీ విరమణ చేసేలోపు ఇంకో దసరా వచ్చింది. మళ్లీ అదే ఉత్తర్వు, అదే వర్గసంఖ్య. పుస్తకాలు ఏరాను. ఈసారి ఏ కథనూ పక్కన పెట్టలేదు. పాఠకుడి దుఃఖం ఏ పేజీలో ఉందో లైబ్రేరియన్ ముందుగా ఊహించడం కుదరదు. ఊహించి దాచినా అతనికి తెలిసిపోతుంది. అది ఈ సంఘటన నాకు నేర్పిన ఒక సంగతి.

రెండోది చెప్పడం కష్టం. పుస్తకం మేలు చేస్తుందని ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ సభల్లో చెబుతూ వచ్చాం, నివేదికల్లో రాస్తూ వచ్చాం. మల్లేశానికి ఆ శరత్కాలం గడిచింది కథలతోనే. అతను దేనికోసమైతే ఎదురుచూస్తూ వచ్చాడో అది రానప్పుడు ఆ కథలే అతనికి ఎక్కువ బరువయ్యాయి. ఎదురుచూసేవాడికి ఏ పుస్తకం ఇవ్వాలో నేను చెప్పగలను. ఎదురుచూడటానికి ఏమీ మిగలనివాడికి ఏది ఇవ్వాలో ఆ అరలన్నీ వెతికినా నాకు దొరకలేదు.