ఆమేన్ బావ

మా బావ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఫ్యాన్లు, కూలర్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు, ఏది కాలిపోయినా ఆయన చిన్న కొట్టుకే వస్తుంది. మాడిపోయిన రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పూసి ఆరబెడతాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడితే లెక్క తప్పుతుందట. ఆ వంకతో మనిషి జీవితమంతా మాట్లాడకుండా గడిపేశాడు. ఎప్పుడిస్తావని ఎవరైనా అడిగితే గోడ మీద క్యాలెండరులో తేదీ మీద వేలు పెట్టి చూపిస్తాడు, అంతే.

మా అక్కను చూడటానికి వచ్చిన రోజు కూడా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. నేనప్పటికి రెండు జడల పిల్లను. "అక్కా, ఈయనకు నోరుందో లేదో ముందు చూసుకో" అన్నాను వంటగదిలో. ఆ మాట గుర్తు చేసుకుని అక్క ఆఖరిదాకా నవ్వుతూనే ఉండేది.

అక్క మాటల పుట్ట. అన్నం వడ్డించి, చేతులు జోడించి కళ్ళు మూసుకుందంటే ఇక అన్నం మీద ఆవిరంతా పోవాల్సిందే. పక్కింటి ముసలమ్మ మోకాళ్ళు, పాలవాడి కూతురి పరీక్షలు, ఎదురింటి వాళ్ళ తప్పిపోయిన పిల్లి, అన్నీ దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పేది. చివర్లో "ఈయన నోరు తెరిపించు తండ్రీ" అని ముగించేది. నేను ఫక్కున నవ్వేదాన్ని. బావ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా "ఆమేన్" అని ముద్ద కలుపుకునేవాడు. ఇంట్లోనైనా చర్చిలోనైనా ఆయన ప్రార్థన ఆ ఒక్క మాటే. సండేస్కూలు పిల్లలు ఆమేన్ తాత అనేవాళ్ళు. నేను ఆమేన్ బావ అనేదాన్ని.

ఏటా ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో అక్క టీ మానేసేది. ఒక ఏడాది "మరి బావ ఏం మానేస్తాడే" అని అడిగాను. "ఇంకేముంది, మాటలు మానేస్తాడు" అంది. ఆ నలభై రోజులూ బావను చూసినప్పుడల్లా మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో అక్క పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. పిల్లలు లేరు. వంటగదిలో ఒక బల్ల, దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు మిగిలాయి, వాటితో పాటు ఈయన. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన ముగించగానే అందరికంటే ముందు బావ గొంతే వినపడింది, ఆమేన్ అని. నాకు ఒళ్ళు మండిపోయింది. దేనికయ్యా ఆమేన్, అని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నా సంగతి వేరు. నా మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. బట్టల షాపులో కొలతలు సరిచేసి కుట్టే పని నాది. సాయంత్రం ఒంటిగది ఇంటికొచ్చి, రేడియో పెట్టుకుని, పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తాను. కంచం కడిగే బాధ లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేదీ కాదు. అలవాటైన ప్రాణం, నాకేం. నా దిగులంతా బావ గురించే.

చలి మొదలయ్యాక, క్రిస్మస్‌కు ముందు, చర్చివాళ్ళు ఇంటింటికీ వచ్చి పాటలు పాడి ప్రార్థన చేసే వారం వచ్చింది. బావ ఇంటికీ వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు మంచి మనసుతోనే అన్నారు.

"అన్నయ్యా, ఇంటి యజమాని మీరు. ఈసారి మీరే ఒక మాట ప్రార్థన చెయ్యండి."

అందరూ తలలు వంచారు. ఎంతసేపటికీ మాట లేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. చివరికి బావ "ఆమేన్" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బావ చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆ తర్వాత ఆదివారం నుంచి చర్చికి రావడం మానేశాడు. అడిగితే కొట్టులో పని అంటాడు. చలికాలంలో ఫ్యాన్లు బాగుచేయించుకునేది ఎవరు, నన్ను వెర్రిదాన్ని అనుకున్నాడు కాకపోతే.

ఎండలు ముదిరాక కొట్టు నిండా ఫ్యాన్లే. మా షాపు ఫ్యాను కూడా కాలిపోతే ఒక మధ్యాహ్నం పట్టుకెళ్ళాను. బావ గోడవైపు తిరిగి నిలబడి, వార్నిష్ డబ్బాల మధ్య పొడి రొట్టె నములుతున్నాడు. బెల్టుకు మేకుతో కొట్టుకున్న కొత్త బెజ్జాలు కనపడ్డాయి. చొక్కా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది.

"స్టూలుందిగా బావా, కూర్చుని తినొచ్చుగా."

రొట్టె మింగి, నీళ్ళు తాగి అన్నాడు.

"కూర్చుంటే ప్రార్థన చెయ్యాలిగా."

అక్క పోయినప్పటి నుంచి ఈ మనిషి బల్ల దగ్గర కూర్చోనేలేదు. ప్రార్థన లేకుండా అన్నం ముట్టడు. ప్రార్థన చెయ్యడం రాదు. అందుకని నిలబడి ఏదో ఇంత కతికితే అది భోజనం కిందికి రాదని తన లెక్క. ఇలాంటి లెక్క మా బావకు తప్ప ఇంకెవరికీ తట్టదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం క్యారేజీ పట్టుకెళ్ళాను. అక్క కుర్చీలో కూర్చుని గబగబా నాలుగు మాటల ప్రార్థన చేసేదాన్ని. ఆయన ఆమేన్ అని తినేవాడు. మిగతా రోజుల కోసం కూర వండి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేదాన్ని. అమ్మయ్య, గాడిన పడ్డాడనుకున్నాను.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక ఆదివారం ఫ్రిజ్ తెరిస్తే, పోయిన వారం కూర పోయిన వారం లాగే ఉంది, పైన బూజుతో సహా. అంతకు ముందు వారానిదీ వెనక ఉంది. కోపం నషాళానికంటింది. గిన్నెలు తీసి ఠపీమని బల్ల మీద పెట్టాను.

"ఏంటిది బావా?"

మూత తీసి గిన్నె ఆయన ముందుకు తోశాను.

"వారానికి ఒక్క పూట తిని బతుకుతావా? నేను మంచాన పడితే ఆ ఒక్క పూటా మానేస్తావా? అక్కకు రేపు నేనేం సమాధానం చెప్పను?"

నేల చూపులు చూస్తున్నాడు. కంచాల్లో వేడి అన్నం పెట్టాను, కూర వేశాను, ఎదురుగా కూర్చున్నాను.

"ఈ రోజు నేను చెయ్యను. నువ్వు చేస్తే తిందాం, లేకపోతే ఇద్దరం పస్తులుందాం. నాకేం తొందర లేదు."

బయట వాన రేకుల మీద పడుతోంది. ఆవిరి పోయింది. కూర చల్లారి పైన నూనె తేలింది. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. పోతే ఇక ఈ బల్ల దగ్గరికి ఎప్పటికీ రాడు, అదీ తెలుసు. ఎందుకొచ్చిన పంతం, నేనే చేసేస్తే పోలా అని నోరు తెరవబోయాను.

బావ చేతులు జోడించాడు. వేళ్ళ నిండా రాగి తీగ కోసిన గీతలు. కళ్ళు మూసుకున్నాడు.

"ప్రేమగల తండ్రీ, ఈ పూట అన్నం పెట్టావు, స్తోత్రం. లేనివాళ్ళకు కూడా పెట్టు."

అది అక్క ప్రార్థన. మాట మాటా అదే, ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకుంటున్నాడు.

"పక్కింటి పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గించు. పాలాయన కూతురు పరీక్ష గట్టెక్కేలా చూడు."

పక్కింటి ముసలమ్మ పోయిన చలికాలంలోనే కన్నుమూసింది. పాలాయన కూతురు పాసై ఉద్యోగంలో కూడా చేరింది. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"కొట్టులో ఈయనకు షాక్ కొట్టకుండా కాపాడు. ఈయన నోరు తెరిపించు తండ్రీ."

ఆ ఈయన తానేనని కూడా గమనించకుండా చెప్పుకుపోతున్నాడు. నేను విన్నంతవరకూ అక్క ప్రార్థన అక్కడితో సరి. తల ఎత్తబోయాను. బావ ఆగలేదు.

"మా చెల్లెల్ని చూడు తండ్రీ. అది ఒక్కతే తింటుంది. రేడియో పెట్టుకుని, నిలబడి, గిన్నెలోంచే తింటుంది. నేనడిగితే నవ్వేసి మాట మారుస్తుంది. దానికి ముద్ద దిగేలా చెయ్యి. దాన్ని ఒక్కదాన్నే వదిలెయ్యకు."

అంతే, ఆగిపోయాడు. కళ్ళు తెరవలేదు, చేతులు దించలేదు. ఎందుకు ఆగాడో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆమేన్ అనేది అవతలివాళ్ళు. ఇన్నాళ్ళూ ఆ అవతలి మనిషి ఆయన. ఇప్పుడు ఆ అవతలి మనిషిని నేను. ఎవరితోనైనా ఎంతసేపైనా వాగగల దాన్ని, ఒక్క మాట గొంతు దాటి రావడం లేదు.

"ఆమేన్" అన్నాను చివరికి.

బావ కళ్ళు తెరిచి అన్నం కలుపుకున్నాడు.

"అక్క ఇది ఎప్పుడు చేసేది? నేనెప్పుడూ వినలేదే."

"నువ్వు లేనప్పుడు."

"తనకెలా తెలుసు?"

"ఒకసారి నీ కిటికీలోంచి చూసింది. లోపలికి రాకుండా వెనక్కొచ్చేసింది."

"అప్పటి నుంచీ రోజూ చేసేదా?"

"రోజూ."

నా కంచం నాకు కనపడటం లేదు. బావ సగం తిని, నా వైపు చూసి, గరిటెతో ఇంకాస్త కూర నా కంచంలో వేశాడు.

"రాత్రికి కూడా ఇక్కడే తిను" అన్నాడు. ఇన్నేళ్ళలో నాతో తనంతట తానుగా అన్న మొదటి మాట అదేననుకుంటాను. "రేపు కూడా."

"నోరు మూసుకుని తిను బావా" అన్నాను ఏడుస్తూనే.