నర్సయ్య ఈగ

నిన్న సూరత్ ఆల్థాన్‌లో కర్టెన్ల దుకాణంవాడు కొత్త తాను విప్పగానే దారం, మిషన్ నూనె కలిసిన వాసన గుప్పుమంది. ఏం కొనడానికి వెళ్ళానో మరిచిపోయాను. నర్సయ్య మామ గుర్తొచ్చాడు. పాండేసరలో మా పక్క గది ఆయనది. మరమగ్గాల కార్ఖానాలో నేసిన తానుల్లో తప్పులు పట్టడం ఆయన పని. సూరత్‌లో అందరికీ ఆయన నర్సయ్యే. కార్ఖానా కార్డు మీదా అదే ఉండేది.

నేను ఈగల మీద పరిశోధన చేస్తున్నానంటే మా వాడకట్టులో నవ్వనివారు లేరు. ఈగలు తోలుకోవడానికి ఇంత చదువెందుకని ఎకసెక్కాలు. నవ్వనిది మామ ఒక్కడే. పూల ముందు గాలిలో కదలకుండా నిలబడే హోవర్‌ఫ్లైలు నావి. బార్డోలీ చెరుకు పొలాల దగ్గర దొరికిన ఒకదాని రెక్కలో, ఉండవలసిన ఈనె ఒకటి లేదు. పుట్టుకతో వచ్చిన లోపం, పక్కన పెట్టెయ్యమన్నారు మా గైడు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను. మామ నా చేతిలోంచి భూతద్దం తీసుకుని ఆ రెక్కను చాలాసేపు చూశాడు.

"ఒక్క తాన్ల పోగు లేకుంటే తప్పు, బిడ్డా. అన్ని తాన్లల్ల అదే పోగు లేకుంటే అది డిజైను. ఇంకిన్ని పట్టుకరా పో."

రెండు చలికాలాలు బార్డోలీ బస్సు ఎక్కాను, దిగాను. దొరికిన ప్రతి ఈగకూ ఆ ఈనె లేదు. మిగతా లక్షణాలూ కలిపి చూస్తే అదొక కొత్త జాతి అని తేలింది. దానికి మామ పేరే పెట్టాను. అచ్చయిన కాగితం తెచ్చి ఆ పేరు చదివి వినిపిస్తే, మామ ఒక్కో అక్షరం మీదా వేలు నడిపాడు.

"మా నాయిన ఉంటే మస్తు మురిసెటోడు" అన్నాడు చివరికి. నేను పొంగిపోయాను.

ఆ ఎండాకాలమే మామ పోయాడు. పదోరోజు కర్మ చేయించే అయ్యగారు పోయినవారి పేరు అడిగితే, ఊరినుంచి వచ్చిన మామ తమ్ముడు "రాజలింగం" అన్నాడు. నేను తెల్లబోయాను.

"నర్సయ్య మా నాయిన పేరమ్మా. కార్ఖానల కార్డు రాసినోడు తండ్రి పేరే అన్న పేరనుకుండు. గదే నడిచింది."

మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకని అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీకు చెప్పొద్దన్నడు, బిడ్డా. పిల్ల చిన్నబోతదన్నడు."

అచ్చయిన జాతి పేరును ఇలాంటి పొరపాటుకు మార్చడానికి మా శాస్త్రం ఒప్పుకోదు. ఇప్పుడు ఎవరు పరిచయమైనా, ఇది మీ సొంత పేరేనా అని రెండుసార్లు అడుగుతాను. చాదస్తమంటారు, అననీ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన వినేలా రాజలింగం మామా అని పిలవాలని ఉంది.