పెద్దమ్మకు తెలిసిన పాటలు

పోయిన వారం ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. దూరపు చుట్టాలమ్మాయి పెళ్ళి. పిలిచినవాళ్ళు నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తామని వెళ్ళి, మళ్ళీ రాలేదు. వేదికకు అటూ ఇటూ మనిషెత్తు నల్ల స్పీకర్ పెట్టెలు నిలబెట్టారు. పాట మొదలయ్యేసరికి నా చేతిలోని కాగితపు కప్పులో గులాబ్ జామూన్ పాకం సన్నగా వణికింది. సౌండు చూసుకునే అతనికి నా మీద జాలి కలిగినట్టుంది. "పెద్దాయనా, జర అవతలికి జరుగుండ్రి. ఈడ బేస్ ఎక్కువొస్తది, గుండెకు తగుల్తది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ బేస్ ఎవరి గుండెకో కాదు, కనీసం ముందు వరుస చెవులకైనా తగలాలని ఒకప్పుడు నేను పడిన పాట్లు చెబితే అతను నమ్మడు. చెప్పుకుందామన్నా పక్క కుర్చీలో మనిషి లేడు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఎనభైల్లో సత్తుపల్లిలో మా బావ ఒక ఆర్కెస్ట్రా నడిపేవాడు. మా మేనమామ కొడుకు, నాకంటే పెద్దవాడు. కీబోర్డు అతనిదే, మైకు అతనిదే, పెళ్ళివారితో బేరం అతనిదే, ఆఖరికి దండ వేస్తే మెడ కూడా అతనిదే. నేను బేస్ గిటారు వాయించేవాణ్ణి. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే నా దానికి నాలుగు. అది మా ఊళ్ళో అందరికీ పెద్ద అనుమానం. కిరాణా కొట్టాయన నేను కనిపించినప్పుడల్లా "ఏమయ్యా, ఆ మిగతా రెండు తీగలు ఎప్పుడు కొంటవ్?" అని అడిగేవాడు. మొదట్లో వివరించాను. తరువాత "వచ్చే పంటకు" అనడం నేర్చుకున్నాను. స్టేజీ మీద నా చోటు డ్రమ్ముల వెనకాల. ఆ రోజుల ఫొటోలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటిలో నేను లేను. ఒకదాంట్లో మాత్రం మోచెయ్యి ఉంది, అది నాదేనని నా నమ్మకం.

నేనుండేది పెద్దమ్మ దగ్గర. మా అమ్మకు అక్క. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆవిడే. పెదనాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నాలుగెకరాలు కొన్నాడు, అది సాగులోకి వచ్చేలోపే కన్నుమూశాడు. పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరమే, ఇద్దరికీ మాటలు తక్కువ. నాకంటే బర్రెతో ఎక్కువ మాట్లాడేదంటే అబద్ధం కాదు. పెదనాన్న రేడియో అరుగు మీది గూట్లో ఉండేది, అది ఆయనతోపాటే మూగబోయింది. బాగు చేయిస్తానంటే ఒప్పుకోలేదు. "ఆయన తిప్పిన ముల్లు ఆడ్నే ఉండనీ" అంది. సినిమాకు పోదు. పెళ్ళిళ్ళకు అసలే పోదు. భర్త పోయిన ఆడమనిషి శుభకార్యంలో ఎదురుపడకూడదని మా వాళ్ళ పట్టింపు. రావద్దని ఆవిడతో ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. మా ఆర్కెస్ట్రా బతుకంతా పెళ్ళిళ్ళే కాబట్టి, సొంత మేనల్లుడైన మా బావ ప్రోగ్రాము ఆవిడ ఒక్కటీ చూడలేదు.

ఆవిడ విన్నదల్లా ముందు గదిలో నేను సాధన చేసే బేస్ ఒక్కటే. రాగం లేదు, మాటలు లేవు, అడుగున నడిచే ఆ నాలుగు తీగల దుమ్ము దుమ్ము మాత్రమే. పాటంటే అదేననుకుంది పాపం. వాటికి తనే పేర్లు పెట్టుకుంది. ఒకటి బండి పాట, ఒకటి ఆగి ఆగి నడిచే పాట. అన్నిటికంటే ఇష్టం మెట్ల పాట. అందులో బేస్ ఒక్కో స్వరమే కిందికి దిగి, కాసేపు అక్కడ ఆగి, మళ్ళీ పైకెక్కుతుంది. వంటింట్లోంచి "మెట్ల పాట వాయించరా" అని కేక వేసేది. ఈ భూమ్మీద నా బేస్‌ను ఫలానాది వాయించమని అడిగిన మనిషి ఆవిడొక్కతే.

ఇక అసలు బాధకు వస్తాను. మా బావ దగ్గరున్నవి మైకు సెట్టువాళ్ళ ఆంప్లిఫైరు, రేకు గొట్టాలు. గొట్టంలో గొంతు మైలు దూరం పోతుంది గానీ బేస్ రాదు. నా గిటారు దాంట్లో పెడితే జలుబు చేసిన మేక అరిచినట్టుండేది. విజయవాడ వెళ్ళి కొట్టు కొట్టూ తిరిగాను. చివరికొకాయన నా మొర విని, "గొట్టం సంగతి మర్చిపో బాబూ. పెద్ద స్పీకరు, చుట్టూ గాలి పోకుండా గట్టి పెట్టె, దానికి తగ్గ ఆంప్లిఫైరు. ఈ మూడూ కుదిరితేనే బేస్" అని చెప్పి, వాడిన వాల్వు ఆంప్లిఫైరు ఒకటి, పన్నెండంగుళాల స్పీకరు ఒకటి ఇచ్చాడు. పెట్టె మన ఊళ్ళో చేయించుకుందాంలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ప్లైవుడ్డుతో చెయ్యమంటే మా వడ్రంగికి తలకొట్టేసినట్టయింది. అడవి అంచున పుట్టి ప్లైవుడ్డుతో పని చేస్తే నలుగురూ ఏమంటారు? మా కూలిపోయిన కొట్టం తలుపులు టేకువి. వాటిని కోసి, అంగుళమున్నర మందాన, బీరువాలాంటి పెట్టె చేశాడు. అంచులకు లతలు కూడా చెక్కాడు. ఎత్తాలంటే నలుగురు కావాలి. భద్రాచలం వైపు ప్రోగ్రాముకు పోయినప్పుడల్లా అటవీ చెక్‌పోస్టులో మా వ్యాను ఆగిపోయేది. టేకు ఎక్కడిది, కాగితమేది, లోపల ఏం దాచారు అని ఒకటే ప్రశ్నలు. ఒకసారి గార్డు పెట్టె దింపించి, ఇది స్పీకరే అయితే వాయించి చూపించమన్నాడు. వాళ్ళ గదిలో బల్బు తీసి, ఆ హోల్డరులోంచి కరెంటు లాగి, చెమటలు కక్కుతూ మెట్ల పాట మొత్తం వాయించాను. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. "మంచిగనే ఉంది గని, ఇందుల పాటేది?" అన్నాడు. మా బావ కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, దారి పొడుగునా ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆ ఎండాకాలం బావ కొత్త కీబోర్డు తెచ్చాడు. దాంట్లో ఎడమ చేతి మెట్లు నొక్కితే బేస్ కూడా వస్తుంది. ఒకరోజు ఇంటికొచ్చి, పెద్దమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ నేల చూపులు చూశాడు. "బామ్మర్దీ, నువ్వేమనుకోకు. నీ పెట్టె మోసుడుకే సగం పాణం పోతున్నది. పోనీ ఇనపడతదా అంటే అదీ లేదు. వచ్చే నెల భద్రాచలం అవతల పెద్ద పెళ్ళి. ఆడ నీ బేస్ ఇనపడితే సరే. లేకుంటే ఇగ కీబోర్డే కొడతది" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా అన్నాడు. నాకు స్నేహితులు లేరు, చదువు అబ్బలేదు, పొలం కౌలుకిచ్చాం. పదిమందితో కలిసి వ్యానెక్కే ఆ ఆర్కెస్ట్రా పోతే నాకిక మనుషులే లేరు.

వినపడకపోవడానికి స్పీకరు ఒక్కటే కావడం కారణమనుకున్నాను. మూతపడిన టూరింగ్ టాకీసువాళ్ళ దగ్గర అలాంటిదే ఇంకో స్పీకరు దొరికితే తెచ్చి, పెట్టెకు రెండో కంత కోయించి బిగించాను. రెండున్నాయి కదా, ఇల్లు ఎగిరిపోతుందని గుండె దిటవు చేసుకుని తీగ మీటాను. ఎగరడం సంగతి అటుంచి, మునుపున్నది కూడా పోయింది. వైరు పీకి ఒక్కోదాన్నీ విడిగా పెడితే బ్రహ్మాండంగా పలుకుతోంది. రెండూ కలిపితే సన్నటి గీకుడు తప్ప అడుగు స్వరం లేదు. వాల్వులు మార్చాను. ఎర్తు రాడ్డు దగ్గర బిందెడు నీళ్ళు పోశాను. పెట్టె సందుల్లో మైనం కూరాను. మూడు రోజులు అదే గొడవ. మరీ ఎక్కువగా వింటే చెవి మోసం చేస్తుంది, బాగానే ఉందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకోవడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడు పెద్దమ్మ వంటింటి గడపలోకి వచ్చింది. "ఏందిరా, గిన్నెలు మోగట్లేదు?" అంది. ఒక్క స్పీకరు పెట్టెతో నేను సాధన చేసినన్నాళ్ళూ ఆవిడ అలమరలో గిన్నెలు మోగేవట. మెట్ల పాట అడుగుకు దిగినప్పుడు మరచెంబు, బండి పాటకు జల్లిమూత. రెండో స్పీకరు వచ్చినప్పటి నుంచి ఒక్కటీ కదలడం లేదట. "ఒకటున్నప్పుడు మోగినయ్. ఇద్దరొచ్చినంక తగాదా పడుతున్నరేమో చూడు" అని లోపలికి పోయింది.

ఆవిడ వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ మాటే పట్టుకున్నాను. టార్చిలైటు బ్యాటరీ తీసి, స్పీకరు వైర్లకు ఆనించాను. విజయవాడ స్పీకరు మధ్యలోని అట్ట ముందుకు ఉబికింది. టాకీసు స్పీకరు అట్ట వెనక్కి లాక్కుంది. పాత సరుకు, ప్లస్ వైరు ఎక్కడ కలపాలో చెప్పే ఎర్ర గుర్తు దాని మీద తప్పువైపు ఉంది. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది అదే గాలిని లాగేస్తోంది, ఇక బేస్ ఎక్కడ మిగులుతుంది? ఒక్కదాని వైర్లు అటుదిటు మార్చి తీగ మీటాను. వంటింట్లో మరచెంబు అలమర మీంచి దభీమని కింద పడింది. "వచ్చిందిరోయ్" అని పెద్దమ్మ కేక. ఆవిడ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

భద్రాచలం అవతలి పెళ్ళిలో నా బేస్ పలికింది చూడండి, అలా జన్మలో పలకలేదు. నేల అదిరింది. చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చినవాళ్ళు, పెళ్ళివారు, వంటవాళ్ళు, ఒకరని కాదు, అందరి కాళ్ళూ ఆడాయి. ఎందుకు ఆడుతున్నాయో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. డ్రమ్ముల వెనక నిలబడి నేను ఏడ్చినంత పని చేశాను. ప్రోగ్రాము అయ్యాక పెళ్ళికొడుకు తండ్రి వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నీ కీబోర్డు ఏం పలికిందయ్యా, దుమ్ము లేపింది" అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. దారిలో నా భుజం మీద చెయ్యేసి, "చూసినవా బామ్మర్దీ, కొత్త కీబోర్డు మహిమ. ఇగ నీకా పెట్టె మోసుడు బాధ లేదు" అన్నాడు. అతను మనసులో కుట్ర పెట్టుకున్నవాడు కాదు, ప్రోగ్రాము పొడుగునా ఎడమ చేతి మెట్లు అతనూ నొక్కుతూనే ఉన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆ వ్యానెక్కడం నాకదే ఆఖరు.

ఇంట్లో ఏం జరిగిందో పెద్దమ్మకు చెప్పలేదు. వ్యాను మా ఇంటి ముందు ఆగకుండా పోతుండటం చూసి తనే అర్థం చేసుకుంది. నేను సాధన మానేశాను. ఆవిడ మెట్ల పాట అడగడం మానేసింది. ఇద్దరం ఒకే కప్పు కింద ఎవరి గోడకు వాళ్ళం ఆనుకుని కూర్చునేవాళ్ళం.

కొన్నాళ్ళకు మా ఎదురింట్లో పెళ్ళి జరిగింది. వీధికి అడ్డంగా పందిరి, మధ్యాహ్నం విందుకు మా బావ ఆర్కెస్ట్రా. గొట్టాలు సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా కట్టారు. పెద్దమ్మ అలవాటు ప్రకారం పోలేదు. నేనూ పోలేదు. ఆవిడ నడిమింట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పాట తరువాత పాట వచ్చి మీద పడుతోంది. అన్నీ మేం ఏళ్ళ తరబడి వాయించినవే.

"వాయించేది మీ బావోళ్ళేనా?" అంది కాసేపటికి.

"అవ్ పెద్దమ్మా."

"ఏ ఊరి పాటలురా ఇవి? ఒక్కటి గూడ నాకెరికలేదు."

నన్ను ఓదార్చడానికంటోందేమోనని ముఖంలోకి చూశాను. ఆవిడకు ఓదార్చడం రాదు. నిజంగానే అడుగుతోంది. "మెట్ల పాట ఎప్పుడు వాయిస్తరు?" అంది.

"ఇప్పుడు వాయిస్తున్నది అదే."

చెవి అటువైపు తిప్పి విన్నది. "పో, ఇది కాదు. మెట్లేవి?" అంది, నేనేదో మోసం చేస్తున్నట్టు.

లేచి ఆంప్లిఫైరు స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడేదాకా కాసుకున్నాను. బయట రెండో చరణం మొదలైంది. అందుకున్నాను. ఒక్కో మెట్టే కిందికి దిగాను. పెద్దమ్మ చేతిలో పిక్క చేతిలోనే ఉండిపోయింది. ఒకసారి నన్ను, ఒకసారి గుమ్మాన్ని చూసింది. బయటి నుంచి పాట, లోపలి నుంచి బేస్ వచ్చి మా నడిమింట్లో కలుసుకున్నాయి. "ఇదేరా, ఇదే" అంది. తరువాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దీనికి పైన ఇంత ఉన్నదా! ఇన్నేండ్లు నాకు చెప్పవేందిరా" అంది. కళ్ళ నిండా నీళ్ళు. చింతపండు చాట పక్కకు జరిపి, లేచి వెళ్ళి, పెళ్ళి పందిరికి ఎదురుగా, అందరికీ కనబడేలా గుమ్మంలో కూర్చుంది. ఆఖరి పాట అయ్యేదాకా కదల్లేదు. నేను వాయించడం ఆపలేదు.

మర్నాడు బావ వచ్చి, "నిన్న కీబోర్డు మళ్ళ మంచిగ పలికింది" అన్నాడు. పెద్దమ్మ పేడ చేతులతోనే ఎదురొచ్చింది. "నీ కీబోర్డుల మెట్లేవిరా? మెట్లు మావానియి" అంది. బావకు ముక్క అర్థం కాలేదు. అత్తకు చాదస్తమెక్కువైందనుకుని చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నాకు మళ్ళీ ఆర్కెస్ట్రాలో చోటు దొరకలేదు. క్యాసెట్లు వచ్చి ఆ ఆర్కెస్ట్రా కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పెద్దమ్మ పోయేదాకా ప్రతి సాయంత్రం ఆవిడ అడిగింది వాయించాను, ఆవిడ పోయాక అడిగినవాళ్ళు లేరు. కాలం పుణ్యమా అని ఇప్పుడు బేస్ అందరికీ వినిపిస్తోంది, మెట్ల పాట వాయించరా అని లోపలి నుంచి కేక వేసే ఒక్క గొంతునూ అదే కాలం తీసుకుపోయింది.