గడ్డిచామంతికి పెట్టిన పేరు

మా దీవుల్లో, వండూర్ బీచి దగ్గర ఒక రిసార్టువాళ్లు భోజనాల బల్లల మీద గాజుగ్లాసుల్లో గడ్డిచామంతులు పెట్టారు. జనం వాటికి ఫోటోలు తీస్తుంటే నాకు, చిన్నప్పుడు డెలానీపూర్ క్వార్టర్సులో ఉండే ఆఫీసరుగారి భార్య గుర్తొచ్చింది.

ఆవిడ దృష్టిలో మద్రాసు నుంచి షిప్పులో వచ్చినవే పూలు. వాడిపోయిన తన డేలియాలకు నౌకరు చేత గొడుగు పట్టించే మనిషి. అలాంటావిడే పిల్లల పూలపోటీకి జడ్జి. నేను శ్రీకాకుళంలో అమ్మమ్మ దగ్గర నుంచి అప్పుడే వచ్చాను, ఇంకా హిందీ రాదు. పాలడబ్బాలో, ఒళ్లంతా నూగున్న గడ్డిచామంతి మొక్కను తీసుకెళ్లాను. ఆవిడ మొక్కనూ నన్నూ ఎగాదిగా చూసి, ముక్కు చిట్లించి, "జంగ్లీ!" అంది.

మొక్క పేరు చెప్పిందనుకుని సంబరంగా ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, దీని పేరు జంగ్లీ అట!"

"ఎవులు సెప్పినారు?"

"ఆఫీసరమ్మగారు."

అమ్మ ఒక పువ్వు తుంచి కొప్పులో పెట్టుకుంది. బిందె తీసుకుని, దగ్గరి కుళాయి వదిలేసి, ఆవిడ వరండా ముందునుంచి నిదానంగా నడుచుకుంటూ నీళ్లకు వెళ్లింది.

జంగ్లీ అంటే అడవిమనిషి అనీ, ఆ మాట మొక్కను కాదు, నన్ను అన్నదనీ హిందీ వచ్చాక తెలిసింది. అమ్మ ఆ పువ్వు ఎందుకు పెట్టుకుందో ఆవిడకు మాత్రం ఎప్పటికీ తెలిసి ఉండదు. అంత తెలివి ఆవిడకెక్కడిది!